లైలా అనే పేరు

గడచిన మాసం మా కేంద్రానికి అందిన ఉత్తరాలలో ఒకటి పాటను కోరుతూ వ్రాసినది కాదు. కార్యక్రమాల వేళలను గురించిన ఫిర్యాదూ కాదు. సముద్రతీరపు పల్లె ఒకదానినుంచి ఒక పెద్దమనిషి వ్రాశారు. వారి ఇంట మనుమరాలు పుట్టింది. పిల్లకు లైలా అని పేరు పెట్టవలెనని నాయనమ్మ ముచ్చటపడింది. ఇరుగుపొరుగువారు మాత్రం మూడు అభ్యంతరాలు చెప్పినారట. ఆ మాటకు చీకటి అని అర్థం కాబట్టి అది ఆడపిల్లకు తగదన్నది మొదటిది. ఆ పేరుగల పిల్ల కథ కన్నీళ్లతో ముగిసిందన్నది రెండవది. 2010వ సంవత్సరం మే నెలలో మన తీరాన్ని అల్లకల్లోలం చేసిన తుపాను పేరు కూడా అదే కదా అన్నది మూడవది. “ఆనాడు ఆ పేరును మీ రేడియోలోనే గంటగంటకూ విన్నాము. పెట్టవచ్చునో పెట్టరాదో మీరే చెప్పండి” అని ఆయన ముగించినారు.

పసిబిడ్డకు పేరు నిర్ణయించే హక్కు కన్నవారిది, ఇంటి పెద్దలది. అందులో జోక్యం చేసుకొనే అధికారం మాకు లేదు. కాని, ఒక పేరు ఎక్కడ పుట్టింది, ఏ దారిన మన దాకా వచ్చింది, వచ్చేటప్పుడు ఏ అర్థాలను వెంట తెచ్చుకొన్నది అనే విషయాలు చెప్పుకొనవచ్చును. ఆ మూడు అభ్యంతరాలకూ సమాధానం అందులోనే ఉన్నది.

ముందుగా మాటను చూద్దాం. అరబ్బీ భాషలో ‘లైల్’ అనగా రాత్రి. ఒక్క రాత్రి అని చెప్పవలసివస్తే ‘లైలా’ అంటారు. వేయిన్నొక్క రాత్రుల కథలకు అరబ్బీలో ఉన్న ‘అల్ఫ్ లైలా వ లైలా’ అనే పేరులో వినిపించేది ఈ మాటే. అయితే స్త్రీల పేరుగా వాడే లైలా దీనికి తోబుట్టువేగాని ఇదే కాదు. వ్రాతలో రెండింటికీ చివరి అక్షరం వేరు. స్త్రీ నామంలో చివర ‘యా’ అక్షరపు ఆకారం వ్రాసి, దానిని ‘ఆ’ అని దీర్ఘంగా పలుకుతారు. పారసీకులు ఆ అక్షరాన్ని చూచిన తీరునే చదివినారు కాబట్టి వారి నోట ఈ పేరు ‘లేలీ’ అయింది. తురుష్కులు ‘లెయ్‌లా’ అంటారు. ఉర్దూలోను, దాని ద్వారా తెలుగులోను అరబ్బీ ఉచ్చారణకు చేరువైన ‘లైలా’ నిలిచింది.

ఇబ్న్ మంజూర్ అనే పండితుడు 1290లో పూర్తిచేసిన ‘లిసానుల్ అరబ్’ అరబ్బీ నిఘంటువులలో మిక్కిలి ప్రసిద్ధమైనది. మాసం మొత్తంలో అన్నిటికంటె గాఢమైన చీకటిగల రాత్రికి ‘లైలా’ అనే విశేషణం వాడుతారనీ, స్త్రీకి ఆ పేరు దానినుంచే వచ్చిందనీ అందులో చెప్పినారు. చంద్రుడు బొత్తిగా కనిపించని దీర్ఘమైన రాత్రి అన్నమాట. అదే నిఘంటువులో మరొక అర్థమూ ఉన్నది: మద్యం తలకెక్కుతున్న తొలి క్షణపు మత్తును కూడా లైలా అంటారట. నల్లని కురులు, నల్లని కన్నులు, చూచినవారి మతి పోగొట్టే సొగసు, ఇవన్నీ ఆ ఒక్క పేరులో కవులకు దొరికినవి.

ఈ మాట ఒక్క అరబ్బీ సొత్తు కాదు. హీబ్రూలో రాత్రిని ‘లైలా’ అనే అంటారు. సిరియాకులో ‘లెల్యా’, ఇథియోపియా దేశపు ప్రాచీన భాషయైన గీజులో ‘లేలిత్’. ఒకే భాషాకుటుంబంలో వేల సంవత్సరాలుగా మాసిపోక నిలిచిన మాట ఇది. మన ‘లీల’తో దీనికి చుట్టరికం లేదు. లీల సంస్కృత పదం. ఆట, విలాసం అని దాని అర్థం. ధ్వనిలో పోలిక కాకతాళీయం. అరబ్బీ ‘సమీరా’కూ, గాలి అని అర్థమిచ్చే మన ‘సమీరము’నకూ ఉన్న పోలిక కూడా ఇటువంటిదే.

సమీరా మాట వచ్చింది కాబట్టి దాని అర్థమూ చెప్పుకోవలె. రాత్రివేళ వెన్నెలలోనో, నెగడు చుట్టూనో కూర్చుండి చేసే ఇష్టాగోష్ఠిని అరబ్బులు ‘సమర్’ అంటారు. ఆ గోష్ఠిలో చెలికత్తె సమీరా. ఒక్క రాత్రి ముచ్చట్లకే ప్రత్యేకమైన మాట, అందులోనుంచి మనుషుల పేర్లు పుట్టవలసినంత అవసరం ఎందుకు కలిగింది? జవాబు ఆ దేశపు ఎండలో ఉన్నది. అరేబియా ఎడారిలో వేసవి పగలు మనిషికి శత్రువు. ఇసుక కాలుతుంది, నీరు ఆవిరవుతుంది, ఒంటె సైతం నీడను వెదుకుతుంది. పొద్దు క్రుంకిన తరువాతనే గాలి చల్లబడుతుంది, పొయ్యి వెలుగుతుంది, అతిథి వస్తాడు, కవి నోరు విప్పుతాడు. బిడారులు నడిచేది రాత్రిపూటనే. రాత్రి ప్రయాణం చేయడానికి అరబ్బీలో విడిగా ఒక క్రియాపదమే ఉన్నది.

దారి చూపేవి నక్షత్రాలు. మన రోహిణిని పాశ్చాత్యులు ఆల్డెబరాన్ అనీ, శ్రవణాన్ని ఆల్టేర్ అనీ పిలుస్తున్నారు. ఆ రెండు పేర్లూ అరబ్బులు పెట్టినవే. ఆ ప్రజలు రాత్రులను సైతం మూడేసిగా విభజించి పేర్లు పెట్టుకొన్నారు. నెలవంక కనిపించిన తొలి మూడు రాత్రులు ‘గురర్’. పదమూడు, పదునాలుగు, పదునైదవ రాత్రులు ‘బీద్’, అనగా తెల్లనివి. చంద్రుడు మాయమయ్యే చివరి మూడు ‘మిహాక్’. ఇంత శ్రద్ధగా లెక్కపెట్టుకొన్నది భయంతో కాదు.

ఇస్లాం మతంలోనూ రాత్రికి గౌరవస్థానమే ఉన్నది. వారి పంచాంగంలో దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ముందు రాత్రి, ఆపైన పగలు. ఖురానులో 92వ అధ్యాయానికి పేరే ‘అల్ లైల్’. రంజాను మాసపు చివరి పది రాత్రులలో భక్తులు జాగరణచేసి వెదికేది ‘లైలతుల్ ఖద్ర్’ను. మన ఊళ్లలో షబేఖద్ర్ అని పిలిచే పుణ్యరాత్రి అదే. కాబట్టి లైలా అనే పేరు వినగానే అరబ్బు తల్లి మనసులో మెదిలేది చల్లదనం, నెమ్మది, ప్రార్థన. ‘చీకటి’ అని మనం ఒక్క మాటతో తేల్చివేస్తే ఇవన్నీ జారిపోతాయి.

ఇక మన సంగతి. చీకటి పేరు ఆడపిల్లకు తగదని అన్నవారు తమ వీధిలోని పిల్లల పేర్లనే ఒకసారి తలచుకొంటే బాగుండును. రజని, యామిని, విభావరి, శర్వరి, నిశ: ఇవన్నీ రాత్రి పర్యాయపదాలే. జాములు గలది యామిని. రాత్రికి సంస్కృతంలో ‘క్షణద’ అని మరొక పేరున్నది. ఉత్సవాన్ని ఇచ్చునది అని దాని అర్థం. గాఢాంధకారం గల రాత్రికి ‘తమిస్ర’ అని పేరు; నిఘంటువు చెప్పిన లైలా అర్థానికి ఇది సరిగా సరిపోతుంది. ఋగ్వేదం పదవ మండలంలో రాత్రిని దేవతగా స్తుతించిన సూక్తమున్నది. ద్రౌపదికి కృష్ణ అని పేరు రావడానికి ఆమె మేని నలుపే కారణం. శ్యామల అని పిలిచినప్పుడు మనం నలుపునే పిలుస్తున్నాం. తెలుగువాడు కాలాన్ని చెప్పేటప్పుడు ‘రేయింబవళ్లు’ అని రేయినే ముందు నిలుపుతాడు. యామినికి లేని దోషం లైలాకు ఎట్లా వచ్చిందో నాకు తెలియకున్నది. మాట పరాయిది కావడమే దోషమైతే, అది మాటది కాదు.

రెండవ అభ్యంతరం కథను గురించినది. లైలా పేరుతో మనకు తెలిసినది ఒక్కతె. అరబ్బుల చరిత్రలోను, గాథలలోను అనేకులున్నారు. వారిలో ఇద్దరిని పరిచయం చేస్తాను.

మొదటి ఆమె ఇస్లాముకు పూర్వపుది. ‘ముఅల్లఖాత్’ అనే ప్రాచీన కావ్యసంపుటిలో స్థానం పొందిన కవి అమ్ర్ బిన్ కుల్సూమ్‌కు తల్లి. 6వ శతాబ్దంలో హీరా నగరాన్ని ఏలిన రాజు ఒకనాడు సభలో, తన తల్లికి ఊడిగం చేయడానికి నిరాకరించే స్త్రీ అరబ్బులలో ఎవతెయైనా ఉన్నదా అని అడిగినాడట. అమ్ర్ తల్లి లైలా ఉన్నదని సభికులన్నారు. రాజు తల్లీ కొడుకులను విందుకు పిలిపించినాడు. ఆడవారి డేరాలో పనికత్తెలను పంపివేసి, రాజమాత లైలాను ఒక పళ్లెం అందించుమన్నది. ఎవరికి కావలసినది వారే లేచి తీసుకొనవలెనని లైలా జవాబిచ్చింది. రాజమాత మరల ఒత్తిడిచేయగా, అవమానం జరిగినదని లైలా ఎలుగెత్తి తన తెగవారిని పిలిచింది. ప్రక్క డేరాలో ఉన్న కొడుకు ఆ కేక విని, అక్కడ వ్రేలాడుతున్న ఖడ్గం తీసి రాజును హతమార్చినాడని గాథ. చిన్న పళ్లెం కోసం రాజ్యాలు కదలిన కథ అది. ఆమెను కన్నీటి లైలా అని ఎవరనగలరు?

రెండవ ఆమె 7వ శతాబ్దపు కవయిత్రి లైలా అల్ అఖ్యలియ్యా. తౌబా అనే వీరుడు ఆమెను ప్రేమించి, ఆమెమీద కవిత్వం చెప్పినాడు. తండ్రి అతనికి పిల్లనివ్వక వేరొకరికి ఇచ్చి పెళ్లిచేసినాడు. అతడు పోరులో మరణించిన తరువాత ఆమె చెప్పిన విలాపగీతాలు అరబ్బీ సాహిత్యంలో మొదటి వరుసలో నిలిచినవి. అయితే ఆమె ఏడుస్తూ కూర్చున్న మనిషి కాదు. సమకాలికులైన కవులతో వాగ్యుద్ధం చేసింది. ఖలీఫా అబ్దుల్ మలిక్ కొలువులోనూ, ఇరాక్ పాలకుడైన హజ్జాజ్ ఎదుటా నిలిచి మాట్లాడింది. వయసు మళ్లిన ఆమెను చూచి ఖలీఫా, తౌబా నీలో ఏమి చూచి ప్రేమించినాడని పరిహాసంగా అడిగితే, నిన్ను ఖలీఫాను చేసినప్పుడు ప్రజలు నీలో ఏమి చూచినారో అదే చూచినాడని చెప్పిందట. ఖలీఫా పగలబడి నవ్వినాడట.

ఇక లోకమంతా ఎరిగిన లైలా. ఆమె నజ్ద్ ప్రాంతపు ఆమిర్ తెగ పిల్ల. అదే తెగకు చెందిన కైస్ ఆమెతోపాటు చిన్ననాడు పశువులను మేపినాడని అరబ్బీ గాథలు చెబుతున్నవి. పెరిగిన తరువాత అతడు ఆమె పేరు పెట్టి కవిత్వం చెప్పినాడు; ఆ పద్యాలు నోటినుంచి నోటికి ప్రాకినవి. ఇక్కడ ఒక ఆచారాన్ని గమనించవలె. కన్నెపిల్ల పేరు పద్యాలలో బయటపడితే అది కుటుంబానికి తలవంపు. ఆ పద్యం చెప్పినవానికే పిల్లనిస్తే, లోకుల అపవాదు నిజమని ఒప్పుకొన్నట్లు అవుతుంది. అందుచేత లైలా తండ్రి సంబంధానికి ఒప్పుకొనలేదు. ఆమెను పరాయి తెగవానికి ఇచ్చినాడు. కైస్ మతి చెడి, ఎడారిలో మృగాలతో తిరిగినాడు.

కథలోని దుఃఖానికి మూలం ఇది. పేరు చెడ్డదై కాదు. ఒక ఆడపిల్ల పేరును పదిమందిలో పలకడమే నేరమైన ఆచారంవల్ల వచ్చిన చేటు. నిత్యమూ కంటికి కనిపించని వేలమంది చెవులకు పేర్లు వినిపించడమే వృత్తిగా గల నావంటివానికి ఈ భాగం చదివినప్పుడు మనసు ఒకింత తటపటాయిస్తుంది. పలికినది ప్రేమించినవాడు, నష్టపోయినది ఆ పేరు గల పిల్ల. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

కైసును లోకులు ‘మజ్నూన్’ అన్నారు. అది అసలు పేరు కాదు, బిరుదు. జిన్ను ఆవహించినవాడు అని అర్థం. ఆ మాటకు మూలమైన ధాతువునకు ‘కప్పివేయుట’ అని అర్థం. కంటికి కనపడనిది కాబట్టి జిన్ను; చెట్లు తమ నీడతో నేలను కప్పుతాయి కాబట్టి తోట ‘జన్నత్’, ఆపైన స్వర్గం; తల్లి గర్భంలో దాగినది కాబట్టి శిశువు ‘జనీన్’. రాత్రి వచ్చి లోకాన్ని కప్పిందని చెప్పడానికి కూడా అరబ్బీలో ఈ ధాతువునే వాడుతారు. ఆమె రాత్రి, అతడు కప్పబడినవాడు. ఈ పొందిక వలన కూడా కాబోలు, ఆ రెండు పేర్లూ విడదీయరానివి అయినవి.

ఈ కైస్ నిజంగా ఉండెనా అన్న సందేహం కొత్తది కాదు. 10వ శతాబ్దంలో ‘కితాబుల్ అఘానీ’ అనే బృహద్గ్రంథాన్ని కూర్చిన అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ ఆ కథలన్నీ చేర్చుతూనే, అటువంటి వాడు లేడన్నవారి మాటలను కూడా చేర్చినాడు. లైలా పేరు వచ్చిన పద్యం ఎవరిదో తెలియకపోతే జనులు దానిని మజ్నూన్‌కు అంటగట్టుతారని అంతకుముందు శతాబ్దపు జాహిజ్ అన్నట్లు చెబుతారు. లైలా, సల్మా, హింద్, సుఆద్ వంటివి అరబ్బు కవులకు పరిపాటియైన నాయికల పేర్లు. అసలు పేరు చెప్పరానిచోట ఇవి మేలిముసుగుగా పనికివచ్చేవి. అనగా ఎన్నో లైలాలు ఒక్క లైలాలో కలిసిపోయినారు.

ఆమెకు కావ్యరూపంలో శాశ్వతత్వం ఇచ్చినవాడు గంజా నగరవాసియైన పారసీక కవి నిజామీ. 1188లో ఆయన వ్రాసిన కావ్యంలో లైలా, కైస్ పశువుల వెంట కాక పాఠశాలలో కలుసుకొంటారు. నిజామీ లైలాకు గొంతు కూడా ఇచ్చినాడు. ఆమె తన పద్యాలను కాగితపు ముక్కలమీద వ్రాసి గాలికి వదులుతుంది. దారిన పోయేవారు ఏరుకొని మజ్నూన్‌కు చేర్చుతారు. గాలిలో మాటలు పంపే మా పనికి ఆమెను ఆదిగురువుగా చెప్పుకొంటే తప్పులేదు. ఆపైన మన దేశంలో అమీర్ ఖుస్రో, 15వ శతాబ్దంలో జామీ, 16వ శతాబ్దంలో తురుష్క భాషలో ఫుజూలీ ఆ కథనే చేపట్టినారు. సూఫీలకు లైలా పరమాత్మకు ప్రతీక. కనిపించకుండా కప్పుకొని ఉండి, వెదికేవానిని పిచ్చివానిని చేసే వెలుగు. 1908లో బాకూ నగరంలో హాజీబేయోవ్ దానిని సంగీతనాటకం చేసినాడు. 1949లో భరణీ వారి ‘లైలా మజ్ను’ చిత్రంతో, భానుమతి, నాగేశ్వరరావుల మూలంగా ఆ కథ మన పల్లెలకు చేరింది. ఎనిమిది వందల ఏండ్లు ఇన్ని భాషలవారు తలకెత్తుకొన్న పేరును అపశకునమని అనుకొనడం సాధ్యమా? సీత కష్టాలు పడినదని మన తల్లులు బిడ్డలకు సీత అని పేరు పెట్టడం మానలేదు కదా!

చివరిది తుపాను సంగతి. ఉత్తర హిందూ మహాసముద్రంలో పుట్టే తుపానులకు పేర్లు పెట్టే పద్ధతి 2004లో మొదలయింది. భారతదేశం, బంగ్లాదేశ్, మాల్దీవులు, మయన్మార్, ఒమాన్, పాకిస్థాన్, శ్రీలంక, థాయిలాండ్ అనే 8 దేశాలు తలా 8 పేర్ల చొప్పున 64 పేర్లు ముందుగానే వ్రాసి ఇచ్చినవి. తుపాను పుట్టినప్పుడు వరుసలో రావలసిన పేరు దానికి వస్తుంది. లైలా పాకిస్థాన్ ఇచ్చిన పేరు. 2010 మే 20న బాపట్ల సమీపంలో తీరం దాటిన తుపానుకు ఆ పేరు తగిలినది వరుసవలన మాత్రమే. దాని స్వభావాన్ని చూచి పెట్టినది కాదు. హెచ్చరికను జనం గుర్తుంచుకొనడానికి అంకెలకంటె పేర్లు సులభమని ఈ ఏర్పాటు చేసినారు. ఆనాడు ఆ పేరు గంటగంటకూ వినిపించినది పడవలు ఒడ్డుకు చేరవలెనని, తీరపు ఇండ్లవారు మెరకకు పోవలెనని. ఆ జాబితాలో ఒకసారి వాడిన పేరును మరల తుపానుకు పెట్టరు. కనుక లైలా ఇక ఏ గాలివానకూ చెందదు. అది తిరిగి ఆడపిల్లలదే అయింది.

మా శ్రోతకు నేను వ్రాసిన జవాబు సారాంశం ఇంతే. పేరులో దోషం లేదు. నాయనమ్మ కోరిక చక్కనిది. అయితే ఒక్క జాగ్రత్త చెప్పినాను. జననాల రిజిస్టరులో పేరు వ్రాయించేటప్పుడు దగ్గర నిలబడి చూచుకొనవలసినది. చెవికి దగ్గరగా ఉన్నది కదా అని ‘లీల’ అని వ్రాసినా, చివరి దీర్ఘం పోగొట్టి ‘లైల’ అని వ్రాసినా, రేపు బడిలోను, పరీక్షలోను, ఉద్యోగంలోను ఆ తప్పు పిల్ల వెంట నడుస్తుంది. లీల మంచి పేరే. కాని ఆ పిల్లది కాదు. మొదట ఐకారం, చివర దీర్ఘం, ఈ రెండూ సరిగా పడితే పదునాలుగు వందల ఏండ్లకు పైబడిన పేరు చెడకుండా ఆమె చేతికి అందినట్లే.

ఆ పిల్ల పెరిగి పెద్దదై, బాలల కార్యక్రమంలో పాట పాడడానికి ఏనాడైనా మా కేంద్రానికి వస్తే, ఆమె పేరును ఉచ్చారణ తప్పకుండా చదివే పూచీ మాది.